ఆరు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా చెల్లెలికి రక్తం పెరగడం లేదు

వశిష్ఠ_ఒడ్డు
మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా చెల్లెలికి 22 ఏళ్లు. సంక్రాంతికి ముందు కాలేజీలో రక్తపరీక్ష చేసినప్పుడు హిమోగ్లోబిన్ 9.9 ఉందన్నారు. అప్పటి నుంచి ఒక్క రోజు కూడా మానకుండా ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. మొన్న మళ్లీ సి.బి.పి. (రక్తకణాల లెక్క పరీక్ష) చేయిస్తే 10.2 వచ్చింది. మాత్రలు ఒంటికి పట్టడం లేదు కాబట్టి ఐరన్ సెలైన్లు పెట్టిద్దామని మా ఊరి ఆర్.ఎం.పి. గారు అంటున్నారు. అమ్మాయికి మెట్లెక్కితే కాస్త ఆయాసం తప్ప వేరే బాధ ఏమీ లేదు. శ్రావణంలో మా మేనమామ గారి అబ్బాయితో సంబంధం ఖాయం చేసుకోవాలనుకుంటున్నాం, అందుకే అమ్మకు కంగారుగా ఉంది. రిపోర్టులో ఎర్రకణాలు 56 లక్షలు, ఎం.సి.వి. 62, ఆర్.డి.డబ్ల్యు. 14.8 అని ఉన్నాయి. ఎం.సి.వి. పక్కన చుక్క గుర్తు పెట్టారు గాని దాని అర్థం ఎవరూ చెప్పలేదు. సెలైన్ పెట్టించవచ్చా?

పాలకొల్లు_పిన్ని
మందుల కన్నా తిండి ముఖ్యం బాబూ. రోజూ ఒక గ్లాసు బీట్‌రూట్ రసం, రాత్రి నాలుగు ఖర్జూరాలు, బెల్లంతో చేసిన నువ్వుండలు పెట్టండి. మా కోడలికి అలాగే రక్తం పట్టింది.

గౌతమి_గట్టు
మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగుతోందేమో అడిగారా? మా ఇంట్లో ఆ ఒక్క అలవాటు వల్ల మూడు నెలల మాత్రలు వృథా అయ్యాయి.

వశిష్ఠ_ఒడ్డు
టీ అలవాటు లేదు. ఉదయం పరగడుపున నిమ్మరసంతోనే వేసుకుంటోంది. మాత్రల వల్ల విరేచనం నల్లగా అవుతోందని కూడా చెప్పింది.

సూక్ష్మదర్శిని
నేను అమలాపురంలో 18 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. వైద్యుణ్ణి కాను కాబట్టి ఏ మందు వాడాలో చెప్పను. కానీ ఆ రిపోర్టులో ఉన్న అంకెలు ఏం చెబుతున్నాయో వివరించగలను, ఎందుకంటే ఇలాంటి రిపోర్టులు నా చేతి మీదుగా చాలా వెళ్లాయి, వాటిలో ఎక్కువ భాగం ఎవరూ చదవకుండానే బీరువాల్లోకి చేరాయి.

ఎం.సి.వి. అంటే ఒక్కో ఎర్రకణం సగటు పరిమాణం. పెద్దవాళ్లలో అది 80 నుంచి 100 మధ్య ఉండాలి. 62 అంటే కణాలు బాగా చిన్నవైపోయాయని అర్థం. కణం చిన్నదవడానికి మన దగ్గర ప్రధానంగా రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది ఇనుము లోపం. అప్పుడు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జకు సరుకు చాలదు, కణాలు చిన్నవిగా తయారవుతాయి, సంఖ్య కూడా తగ్గుతుంది, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉండడం వల్ల, కణాల పరిమాణంలో తేడాను చూపే ఆర్.డి.డబ్ల్యు. పెరుగుతుంది. రెండవది తలసేమియా వాహకత్వం, అంటే హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ గొలుసును తయారు చేసే జన్యువుల జతలో ఒకటి లోపంతో ఉండడం. అప్పుడు కణాలు చిన్నవే అయినా సంఖ్య తగ్గదు, పైగా పెరుగుతుంది, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి.

ఎం.సి.వి.ని ఎర్రకణాల సంఖ్యతో భాగించి చూసే పాత పద్ధతి ఒకటి ఉంది, దాన్ని మెంట్జర్ సూచిక అంటారు. పది లక్షలను ఒకటిగా లెక్కిస్తే మీ చెల్లెలి సంఖ్య 5.6. 62ను 5.6తో భాగిస్తే సుమారు 11 వస్తుంది. 13 కన్నా తక్కువ వస్తే తలసేమియా వైపు, ఎక్కువ వస్తే ఇనుము లోపం వైపు అనుమానించాలి. ఇది అనుమానమే గాని నిర్ధారణ కాదు. నిర్ధారణకు రెండు పరీక్షలు కావాలి. శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ ఒకటి, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్.పి.ఎల్.సి. మరొకటి. రెండవదానిలో హిమోగ్లోబిన్ ఎ2 అనే భాగం 3.5 శాతం దాటితే బీటా తలసేమియా వాహకత్వం ఉన్నట్టు భావిస్తారు. మన దేశంలో చాలా ల్యాబుల్లో 4 శాతాన్ని గీతగా పెట్టుకుంటారు. ఇనుము లోపం కూడా ఉంటే ఎ2 శాతం తగ్గి అసలు విషయం దాగిపోవచ్చు, కాబట్టి ఫెరిటిన్ లేకుండా ఎ2 ఒక్కటే చూడకూడదు.

ఈ రెండూ చేతికి వచ్చే దాకా సెలైన్ జోలికి పోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇనుము నిండుగా ఉన్న ఒంటిలోకి నరం ద్వారా ఇంకా ఎక్కిస్తే దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు.

భీమవరం_టీచరు
పై వివరణ బాగానే ఉంది గాని, ఇది చదివిన ప్రతి ఆడపిల్లా తనకు తలసేమియా ఉందని భయపడుతుందేమోనని నాకు బెంగగా ఉంది. మన డెల్టాలో రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లలో ఎక్కువ మందికి ఇనుము లోపమే కారణం, దాన్ని మనమే పట్టించుకోవడం లేదు. నా సంగతే చెబుతాను. నాకు 41వ ఏట హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది. నెలసరి ఎనిమిదేసి రోజులు, గడ్డలు గడ్డలుగా వచ్చేది. అది వయసు వల్ల వచ్చే మార్పని అమ్మ, అత్తగారు కూడా చెప్పేవారు. నేనూ నమ్మాను. బడిలో నల్లబల్ల మీద రాస్తూ కళ్లు తిరిగి పడిపోయిన రోజున గాని ఎవరూ కదలలేదు. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు అనే కంతులు కనిపించాయి. ఫెరిటిన్ 4 మాత్రమే ఉంది. నాకు ఐరన్ సుక్రోజ్ నరం ద్వారా ఇచ్చారు, ఆసుపత్రిలో పడుకోబెట్టి, పక్కన నర్సును ఉంచి. రెండు నెలల్లో 11 దాటింది. కాబట్టి సెలైన్ అంటేనే తప్పు అన్నట్టు రాయకండి. మీ చెల్లెలికి నెలసరి ఎలా ఉందో ముందు అడగండి.

సూక్ష్మదర్శిని
మీరు చెప్పింది నిజం. నరం ద్వారా ఇచ్చే ఇనుము చాలా మంచి మందే. మీకు ఫెరిటిన్ 4 అని తెలిసిన తరువాత, ఆసుపత్రిలో ఇచ్చారు. ఇక్కడ ఫెరిటిన్ ఎంతో తెలియకుండా ఇంటి అరుగు మీద ఇస్తామంటున్నారు. నా అభ్యంతరం అంతవరకే. ఇనుము లోపం, తలసేమియా వాహకత్వం రెండూ ఒకే మనిషిలో ఉండే అవకాశం కూడా ఉంది.

నాట్ల_కాలం
టీచరు గారు చెప్పిన నెలసరితో పాటు ఇంకొక కారణాన్ని మన ప్రాంతం వాళ్లు మరచిపోకూడదు. మాది ముమ్మిడివరం వైపు. మా ఆవిడ, మా చిన్నమ్మ ఇద్దరూ ఊడ్పులకు వెళతారు. ఆషాఢం నుంచి నెలన్నర పాటు చెప్పుల్లేని కాళ్లతో బురదలోనే ఉంటారు. మా చిన్నమ్మకు హిమోగ్లోబిన్ ఎన్ని మాత్రలు వేసినా 8 దాటలేదు. చివరికి పి.హెచ్.సి.లో మల పరీక్ష చేస్తే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. ఆ పురుగు పిల్ల మట్టిలో నుంచి పాదం చర్మం తొలుచుకుని లోపలికి వెళుతుందని, పేగు గోడను పట్టుకుని రోజూ రక్తం పీలుస్తుందని, పైనుంచి మనం పోసే ఇనుమంతా కింద నుంచి అది తోడేస్తుందని డాక్టరమ్మ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేయించి, ఐరన్ కొనసాగించిన తరువాతే లెక్క కదిలింది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడి పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర ఇదే. పిల్లలకు వేయిస్తాం గాని పొలంలో దిగే పెద్దవాళ్ల సంగతి ఆలోచించం.

పాలకొల్లు_పిన్ని
నేను బీట్‌రూట్ గురించి చెప్పింది తప్పా? చిన్నప్పటి నుంచి విన్నదే చెప్పాను.

భీమవరం_టీచరు
తప్పు పట్టడం కాదు పిన్నిగారూ. బీట్‌రూట్ రంగు చూసి మనం రక్తం అనుకుంటాం గాని అందులో ఇనుము చాలా తక్కువ. మా డైటీషియన్ నాకు మునగాకు, తోటకూర, రాగులు, నువ్వులు చెప్పి, వాటితో పాటు నిమ్మకాయో ఉసిరికాయో తప్పనిసరి అన్నారు, ఎందుకంటే ఆకుకూరల్లోని ఇనుము సి విటమిన్ తోడు లేకపోతే సరిగా ఒంటికి పట్టదు. మాంసం తినేవాళ్లకైతే కార్జం, చేప మేలు. మీ నువ్వుండలు మాత్రం చాలా మంచి సలహా. అయితే హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన తరువాత తిండితో మాత్రమే పైకి తేవడం కష్టం, మాత్రలు తప్పవు. అంకె సరైన చోటికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి కనీసం మూడు నెలలు వేసుకోవాలి. మనలో చాలామంది నీరసం తగ్గగానే ఆపేస్తారు.

తణుకు_అమ్మ
ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి, మేనమామ కొడుకుతో సంబంధం అన్న మాట చూసిన తరువాత రాయకుండా ఉండలేకపోయాను.

మా బాబుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి తలసేమియా మేజర్, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం ఉన్న జన్యువే వచ్చిన తీవ్రమైన రకం. మాదీ మేనరికమే. నాకు పెళ్లికి ముందు కూడా, కడుపుతో ఉన్నప్పుడు కూడా హిమోగ్లోబిన్ 10 దగ్గరే ఉండేది. ప్రతిసారీ రక్తం తక్కువ అని రాసి ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆ రిపోర్టులు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఒకదానిలో ఎం.సి.వి. 64 అని స్పష్టంగా ఉంది. ఒక్కరైనా ఆ అంకె కింద గీత గీసి మా వారికి కూడా పరీక్ష చేయించమని చెప్పి ఉంటే బాగుండేదని నేను అనుకోని రోజు లేదు. బాబు ఆరో నెలలో తెల్లగా పాలిపోయి, పాలు తాగలేక, పొట్ట ఉబ్బి ఉంటే కాలేయం వ్యాధి అనుకుని తిరిగాం. అప్పుడు వాడి హిమోగ్లోబిన్ 4.1.

మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 కన్నా పడిపోకుండా చూసుకుంటే పిల్లవాడు మిగతా పిల్లల్లాగే ఎదుగుతాడు, ముఖం ఎముకలు మారవు, ప్లీహం పెరగదు. అయితే మాకు మొదట్లో సరిగా తెలియనిది ఇంకొకటి ఉంది. ఎక్కించే ప్రతి సంచిలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. శరీరం తనంతట తాను రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి వదిలించుకోలేదు. మిగిలినదంతా కాలేయంలో, గుండెలో, హార్మోన్లు తయారు చేసే గ్రంథుల్లో పేరుకుంటుంది. పిల్లలకు ప్రమాదం తెచ్చేది తలసేమియా కన్నా ఈ ఇనుమే. దాన్ని తొలగించడానికి వాడు రోజూ డెఫెరాసిరాక్స్ మాత్ర నీళ్లలో కలుపుకుని తాగుతాడు. మూడు నెలలకోసారి ఫెరిటిన్ చూస్తారు, 1000 దాటకుండా ఉంచాలని మా డాక్టరు గారి పట్టుదల. ఒక వేసవిలో మందు దొరకక రెండు నెలలు ఆగితే అది 2,600కు వెళ్లింది.

పూర్తిగా నయం చేసేది మూలుగ (ఎముక మజ్జ) మార్పిడి. తోడబుట్టిన వాళ్ల హెచ్.ఎల్.ఎ., అంటే కణజాలం రకం, సరిపోవాలి. మా పాపది సరిపోలేదు. సరిపోయిన వాళ్లకు కోల్ ఇండియా వారి తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల రూపాయల వరకు సహాయం ఉంటుంది, తెలియని వాళ్లకు చెప్పండి.

వశిష్ఠ గారూ, మీ చెల్లెలికి వాహకత్వం ఉన్నా అది జబ్బు కాదు. నాకూ ఉంది, నేను ఇంటి పనీ పొలం పనీ అన్నీ చేసుకుంటున్నాను. ఆ అబ్బాయికి కూడా ఉంటేనే ఇబ్బంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్లు బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం ఉంటుంది. ఒకరికే ఉంటే ఏ బిడ్డకూ మేజర్ రాదు. దయచేసి అబ్బాయికి పరీక్ష చేయించండి.

మామిడికుదురు_మాస్టారు
తల్లి బాధ చదివితే మనసు కలత చెందింది. అయినా పెద్దవాడిగా ఒక మాట చెప్పాలి. పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు అమ్మాయి రక్తంలో దోషం ఉందన్న మాట బయటికి పొక్కితే, ఈ సంబంధమే కాదు, తరువాత వచ్చే సంబంధాలు కూడా వెనక్కి పోతాయి. అబ్బాయికి కూడా అదే ఉన్నా వేలు అమ్మాయి వైపే చూపిస్తారు. ముందు పెళ్లి జరగనిచ్చి, తరువాత దంపతులిద్దరూ నెమ్మదిగా పరీక్ష చేయించుకుంటే నష్టం ఏమిటి?

తణుకు_అమ్మ
నష్టం ఏమిటో మా ఇంటికి వచ్చి చూడండి మాస్టారూ. కోపంతో అనడం లేదు. పెళ్లయిన తరువాత నెమ్మదిగా చేయించుకుందామనుకున్న వాళ్లు చేయించుకోరు. మొదటి బిడ్డ కడుపులో పడిన సంగతి కూడా మాకు మూడో నెలలో గాని తెలియలేదు.

సూక్ష్మదర్శిని
మాస్టారు గారి భయం అర్థం లేనిది కాదు. ఆడపిల్లలకే నింద అంటగట్టడం నేనూ చూశాను. దానికి దాచడం మందు కాదు గాని, మర్యాదగా నడిపించే పద్ధతి ఉంది. అబ్బాయికి కూడా మామూలు సి.బి.పి. చేయిస్తే చాలు, పెళ్లికి ముందు ఇద్దరూ ఆరోగ్య పరీక్షలు చేయించుకుంటున్నారని చెప్పుకోవచ్చు. అతని ఎం.సి.వి. సాధారణంగా ఉంటే తలసేమియా అనుమానం చాలా వరకు తగ్గుతుంది, అయినా హెచ్.పి.ఎల్.సి. కూడా చేయిస్తేనే నిశ్చింత, ఎందుకంటే సికిల్ సెల్ వంటి హిమోగ్లోబిన్ లోపాలు కణం పరిమాణంలో కనిపించకపోవచ్చు.

ఇక మేనరికం లెక్క చూడండి. దేశంలో నూటికి సుమారు ముగ్గురు నలుగురు బీటా తలసేమియా వాహకులు. బయటి సంబంధమైతే అబ్బాయికి ఉండే అవకాశం ఆ మాత్రమే. ఇక్కడ చెల్లెలికి అది తల్లి వైపు నుంచి వచ్చి ఉంటే, తల్లికి తోడబుట్టిన మేనమామకు ఉండే అవకాశం సగం, ఆయన కొడుకుకు నాలుగో వంతు. అంటే నూటికి నాలుగు అనుకున్నది నూటికి 25 అవుతుంది. కాబట్టి ముందు మీ అమ్మగారి సి.బి.పి. చేయించండి, వశిష్ఠ గారూ. అక్కడే సగం చిక్కు విడిపోతుంది.

గౌతమి_గట్టు
ఇద్దరికీ ఉన్నట్టు తేలితే పెళ్లి మానుకోవలసిందేనా?

తణుకు_అమ్మ
మానుకోవాలని ఎవరూ శాసించరు. గర్భం 10 నుంచి 12 వారాల మధ్య మావి నుంచి చిన్న నమూనా తీసి బిడ్డకు మేజర్ ఉందో లేదో చెప్పగలరు. ఆ పరీక్ష వల్లే మా పాప ధైర్యంగా పుట్టింది. కానీ ఆ పది రోజులు ఫలితం కోసం ఎదురు చూడడం ఎలాంటిదో తెలిసి నిర్ణయం తీసుకోవాలి.

కొండకింద
నేను చింతూరు వైపు ఆరోగ్య కార్యకర్తను, అత్తవారిది రావులపాలెం. సూక్ష్మదర్శిని గారు సికిల్ అన్నారు కాబట్టి రాస్తున్నాను. మన డెల్టా వాళ్లు అది కొండ మీది జబ్బనుకుంటారు. కొండ మీది నుంచి కూలి పనికి, చదువుకు దిగి వచ్చే పిల్లలు మీ ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లకు నొప్పి వచ్చేది మీ ఊళ్లలోనే. గత శీతకాలంలో మా వైపు అబ్బాయి ఒకడు చేపల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండి, తెల్లవారేసరికి కాళ్లూ నడుమూ పట్టేసి కేకలు పెట్టాడట. తాగి పడ్డాడని అనుకున్నారు. వాడు ఎప్పుడూ తాగి ఎరుగడు.

ఈ జబ్బులో హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. అంత చిన్న తేడాతో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగి, గట్టిపడి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. రక్తం అందని చోట భరించలేని నొప్పి వస్తుంది. చలి, దాహం, జ్వరం, ఒళ్లు విరిచే పని దాన్ని రేపుతాయి. అందుకే వాళ్లకు మేము మొదట చెప్పేది నీళ్లు ఎక్కువగా తాగమని, చల్లని నీళ్లలో మునగవద్దని. పిల్లలకు న్యుమోకోకస్ టీకా, రోజూ ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు. హైడ్రాక్సీయూరియా అనే మందు పుట్టుకతో ఉండే శిశు హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచి నొప్పి దాడులను తగ్గిస్తుంది. దాన్ని రక్తకణాల లెక్క చూసుకుంటూ వాడాలి. జ్వరం వచ్చినా, ఛాతీ నొప్పి వచ్చినా, ప్లీహం ఉన్నట్టుండి ఉబ్బినా ఇంట్లో ఉంచకూడదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితంగా పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నాం. ఆ కార్డు చూపించిన కూలీని దయచేసి పనిలో నుంచి తీసివేయకండి, నీళ్ల సీసా ఇచ్చి నీడలో పని చెప్పండి.

లేసుల_ఊరు
నరసాపురం నుంచి రాస్తున్నాను. నాకు 34 ఏళ్లు, తీవ్రమైన హిమోఫిలియా ఎ. ఇందాకటి నుంచి రక్తం తక్కువ గురించి మాట్లాడుకుంటున్నారు. మా వాళ్లకు రక్తం ఉంటుంది, గడ్డకట్టదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదవ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ నాకు ఒక శాతం కూడా లేదు. సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి ఇలా ఉంటుంది. గాయం తగిలితే రక్తం ధారగా పోతుందని అందరూ ఊహిస్తారు గాని, మమ్మల్ని కుంటివాళ్లను చేసేది లోపల కీళ్లలో కారే రక్తం. నా ఎడమ మోకాలు పదహారేళ్లకే బిగుసుకుపోయింది. చిన్నప్పుడు వాపు వచ్చిన ప్రతిసారీ మా తాతగారు ఆముదం వేడి చేసి మర్దన చేయించేవారు. ప్రేమతోనే చేశారు, కానీ కారుతున్న కీలుకు వేడి, మర్దన రెండూ శత్రువులే. ఐస్ పెట్టి, కదలకుండా ఉంచి, గంటలోపు ఫ్యాక్టర్ ఎక్కించుకోవాలి.

ఈ చర్చ చదివే ఆర్.ఎం.పి.లు, మందుల షాపు వాళ్లు ఉంటే ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలని వేడుకుంటున్నాను. మాకు తుంటికి ఇంజెక్షన్ చేయకూడదు. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వకూడదు, పారాసెటమాల్ చాలు. నాకు పన్నెండేళ్లప్పుడు జ్వరానికి చేసిన ఒక్క ఇంజెక్షన్‌తో తొడ కండరంలో రక్తం నిండి నలభై రోజులు మంచం దిగలేదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఫ్యాక్టర్ కావాలి. ఇప్పుడు ఎమిసిజుమాబ్ అనే మందు చర్మం కిందకు వారానికో, నెలకో ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. అది దొరికిన పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు.

హిమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్ మూడూ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రానికి, పింఛనుకు సచివాలయంలో అడగండి.

గౌతమి_గట్టు
మా అక్క పుట్టింటి వైపు మగవాళ్లకు ఇలాంటి కీళ్ల వాపు ఉండేదని విన్నాను. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. ఆడవాళ్లకు రాదు కదా?

లేసుల_ఊరు
అక్క పుట్టింటి వైపు అంటున్నారంటే ఆమె వదినో, వరసకు అక్కో అయి ఉంటారు. ఆమె తండ్రికి ఈ జబ్బు ఉండి ఉంటే ఆమె తప్పక వాహకురాలే, ఆమె కూతుళ్లకు సగం అవకాశం. వాహకులైన ఆడవాళ్లలో కొందరికి ఫ్యాక్టర్ తక్కువగా ఉండి నెలసరిలో, కాన్పులో ఎక్కువ రక్తం పోతుంది. కాబట్టి రాదు అని వదిలేయకుండా ఆ పిల్లలిద్దరికీ ఫ్యాక్టర్ పరీక్ష చేయించమని చెప్పండి. వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చే కేసులు కూడా మూడింట ఒక వంతు ఉంటాయి.

నాట్ల_కాలం
మా అమ్మకు 68 ఏళ్లు. మాంసం, గుడ్డు ముట్టదు. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిరిగా ఉన్నాయని, దూది మీద నడిచినట్టు ఉందని అంటోంది. ఆమె రిపోర్టులో ఎం.సి.వి. 112 ఉంది. చిన్నదయితే తప్పు అన్నారు, పెద్దదయితే మంచిదేనా?

సూక్ష్మదర్శిని
పెద్దదయినా మంచిది కాదు. బి12 లేదా ఫోలేట్ లోపం ఉంటే కణాలు సరిగా విభజన చెందక పెద్దవిగా మిగిలిపోతాయి. కాళ్ల తిమ్మిరి ఉందంటే బి12 వైపే ఎక్కువ అనుమానం. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. బి12 చూడకుండా ఫోలిక్ ఆసిడ్ మాత్రమే వేస్తే రక్తం లెక్క బాగుపడినట్టు కనిపిస్తుంది గాని నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

మామిడికుదురు_మాస్టారు
ఫోలిక్ ఆసిడ్ మాట వచ్చింది కాబట్టి, దాని వెనుక మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి శ్రమ ఉందని పిల్లలకు చెప్పండి. 1940లలో అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆయన తోడబుట్టిన వాళ్లను బలి తీసుకున్న స్ప్రూ అనే పేగుల వ్యాధికి కూడా ఆ మందే పని చేసింది. మన డెల్టాను పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అదే బృందం నుంచి వచ్చింది. గర్భవతులకు మన పి.హెచ్.సి.ల్లో 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది.

నిన్న నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. తణుకు అమ్మ గారి జవాబు రాత్రంతా గుర్తుకొచ్చింది. పరీక్ష ముందే చేయించాలి, ఇద్దరికీ చేయించాలి.

పాలకొల్లు_పిన్ని
రేషన్ బియ్యంలో కలుస్తున్న ప్లాస్టిక్ గింజల వల్ల కూడా ఇలాంటివి వస్తాయంటారు, నిజమేనా?

కొండకింద
అవి ప్లాస్టిక్ కాదండి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో చేసి నూటికి ఒకటి చొప్పున కలిపినవి. నీళ్లలో తేలుతున్నాయని ఏరి పారేస్తే ఆ పోషకాలే పోతాయి.

వశిష్ఠ_ఒడ్డు
పది రోజులుగా రాయలేకపోయాను. సెలైన్ పెట్టించలేదు. కాకినాడ తీసుకువెళ్లి చూపించాం. చెల్లెలి ఫెరిటిన్ 96, హిమోగ్లోబిన్ ఎ2 5.2 శాతం. బీటా తలసేమియా వాహకత్వం అని రాసి ఇచ్చారు. ఇనుము నిండుగా ఉంది కాబట్టి మాత్రలు ఆపమన్నారు. పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఫెరిటిన్ చూసిన తరువాతే డాక్టరు సలహా ప్రకారం వాడాలని చెప్పారు. మెట్లెక్కితే వచ్చే ఆయాసానికి గుండె, థైరాయిడ్ కూడా చూశారు, బాగున్నాయి.

సూక్ష్మదర్శిని గారు చెప్పినట్టు అమ్మకు కూడా చేయించాం. ఆమె ఎం.సి.వి. 65. ఇరవై ఏళ్లుగా ఎవరు ఏ మాత్ర ఇస్తే అది మింగుతోంది. రిపోర్టు చూసి అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తానే మామయ్యకు ఫోన్ చేసి చెప్పింది. గొడవ అవుతుందని నేను భయపడ్డాను. మామయ్య మరునాడు ఉదయం పడవ రేవు దాటి, బావను వెంటబెట్టుకుని వచ్చి, ఇద్దరూ రక్తం ఇచ్చి వెళ్లారు. ఫలితం సోమవారం వస్తుంది. ఏది వచ్చినా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే నిర్ణయిస్తామని పెద్దలందరూ ఒప్పుకున్నారు.

భీమవరం_టీచరు
మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఫోన్ చేయడం అన్నిటికన్నా కష్టమైన పని. నేను మొదట వేరేగా అనుకున్నాను, మీ విషయంలో సూక్ష్మదర్శిని గారి అనుమానమే నిజమైంది.

తణుకు_అమ్మ
సోమవారం ఫలితం వచ్చిన వెంటనే ఇక్కడ రాయండి, ఎదురు చూస్తుంటాను. వచ్చే గురువారం మా బాబుకు ఎక్కించే రోజు. బ్లడ్ బ్యాంకులో బి పాజిటివ్ నిల్వ లేదన్నారు. కాలేజీలకు సెలవులు వచ్చినా, ఊడ్పులు మొదలైనా దాతలు తగ్గిపోతారు. తణుకు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి.

వశిష్ఠ_ఒడ్డు
నాది బి పాజిటివ్. రక్తం ఇచ్చి ఆరు నెలలు దాటింది. మొన్న నాకూ పరీక్ష చేశారు, హిమోగ్లోబిన్ 14.6, ఎ2 మామూలుగానే ఉంది. బుధవారం ఉదయానికి తణుకు వస్తాను.

నాట్ల_కాలం
మా తమ్ముడిది కూడా అదే గ్రూపు. అతణ్ణి వశిష్ఠ గారితో పాటు పంపిస్తాను.